నెలకోసారి భజనకి బయటి గెస్టుని పిలుస్తున్నాం, మా వాళ్ళకి పాడే వంతే రావడం లేదు. ఏం చేయాలి?

రామాలయం_అరుగు
మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ప్రతి శనివారం రాత్రి రామాలయంలో భజన. ఒక హార్మోనియం, ఒక మృదంగం, నాలుగు జతల తాళాలు, చిడతలు, పాడేవాళ్ళు పదిహేను మంది దాకా. రెండేళ్ళుగా నెలలో ఆఖరి శనివారం బయటి కళాకారుల్ని పిలుస్తున్నాం. ఒక నెల పండరి భజన గురువు, ఒక నెల పద్యనాటకాల హార్మోనిస్టు, ఇంకో నెల రేడియోలో పాడే ఆవిడ, అలా. మొదట్లో ఊరంతా కదిలి వచ్చింది. చందాలూ పెరిగాయి.

ఇప్పుడు వ్యవహారం ఇంకోలా తయారైంది. గెస్ట్ వచ్చే శనివారం అరుగు మీద చోటుండదు, మిగతా శనివారాలు తాళం వేసేవాడు కూడా కరువు. గెస్ట్ రోజున మా వాళ్ళు ఒక్క ప్రార్థన పాడి మైకు అప్పగించేయాలి. పోయిన నెల వచ్చినాయన ఎనిమిదింటికి పెట్టె (హార్మోనియం) ముందు కూర్చుంటే పదకొండున్నరకి లేచాడు. మంగళహారతి కూడా ఆయనే పాడేశాడు. మా ఊరి పెద్దాయన ఒకరు ఆ రోజు కోసమని తరంగం అనే కీర్తన ఒకటి సాధన చేసుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి కూర్చున్నారు. వంతు రాలేదు. ఎవర్నీ ఏమీ అనలేదు గానీ తర్వాత శనివారం రాలేదు, ఆ పై శనివారమూ రాలేదు.

కమిటీలో సగం మంది ఇక గెస్టులు వద్దంటున్నారు. సగం మంది గెస్టులు లేకపోతే జనం రారు, చందా రాదు అంటున్నారు. మీ ఊళ్ళలో ఎలా నడుపుతున్నారు?

తాళం_తప్పినవాడు
మంగళహారతి కూడానా! పెళ్ళికొచ్చినవాడు తాళి కట్టేసి వెళ్ళినట్టుంది.

సప్తాహం_సాయి
మాది రాజోలు వైపు. మేం గెస్ట్‌కి ఫోన్లోనే చెప్పేస్తాం, గంటన్నర, ఆపైన ఒక్క పాట కూడా వద్దండి అని. మీరు చెప్పకపోతే ఆయన తప్పేముంది?

రామాలయం_అరుగు
చెప్పామండి. "అలాగే" అన్నారు. జనం ఫలానా పాట పాడమని చీటీల మీద చీటీలు పంపుతుంటే, చీటీతో పాటు నోటు కూడా వస్తుంటే, మధ్యలో లేచి ఎవరాపుతారు?

పెట్టె_మాస్టారు
నేను అవతలి వైపు మనిషిని. బడిపంతులుగా రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ పద్యనాటకాలకీ భజనలకీ హార్మోనియం వాయిస్తున్నాను. గెస్టుగా వెళ్ళేవాడి బాధ కూడా కాస్త వినండి.

పిలిచేవాళ్ళు "మా దగ్గర పెట్టె ఉంది, మీరు ఊరికే రండి" అంటారు. తీరా వెళ్తే మధ్య స్థాయిలో పంచమం పలకదు. గాలి తిత్తిని ఎలకలు కొట్టేసి ఉంటాయి, గాలంతా అక్కడే పోతుంది. కొట్టీ కొట్టీ ఎడమ భుజం పడిపోతుంది. భోజనం ఎప్పుడో చెప్పరు. ముందు పెడితే గొంతు లేవదు, తర్వాత పెడితే అర్ధరాత్రి చల్లారిన పులిహోర.

ఇక ఆపకపోవడం సంగతి. పద్యం అలవాటే అంత. నాటకంలో చివరి పాదం దగ్గర రాగం ఎత్తుకుంటే చప్పట్లు పడేదాకా దించకూడదు. పడ్డాక "వన్స్‌మోర్" అంటే పద్యం మళ్ళీ మొదటి నుంచి. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని పెట్టేది దేనికనుకున్నారు? సీనుకో గొంతు, ఎవరు బాగా పాడారో తెల్లారాక టీ కొట్టు దగ్గర జనం తేల్చుకోవాలి. అక్కడ పెరిగినవాడికి గడియారం కనపడదు. కనపడేలా చేయాల్సింది కమిటీ.

నేను మాత్రం ఎక్కడికెళ్ళినా ఒక పని చేస్తాను. ముందు ఊరివాళ్ళనే పాడమంటాను, వాళ్ళకి నేనే వాయిస్తాను. నా పద్యాలు ఆ తర్వాత. అలా చేస్తే వాళ్ళ పాట కూడా ఎత్తు మీద కూర్చుంటుంది, నాకూ ఆ ఊరి శృతి, ఆ ఊరి తాళం తెలుస్తాయి. మీ పెద్దాయన తరంగానికి ఆ హార్మోనిస్టు పక్కన కూర్చుని వాయించి ఉంటే ఆయన ఈ పాటికి ఇంకో తరంగం సాధన చేస్తూ ఉండేవారు.

సప్తాహం_సాయి
మాస్టారు చెప్పింది బంగారం. ఇది పిలిచేటప్పుడే షరతుగా పెట్టొచ్చు.

మృదంగం_మూర్తి
అందరూ గొంతుల గురించే మాట్లాడుతున్నారు. మృదంగం వాడి గోడు ఎవరూ వినరు.

మా సమాజంలో పెట్టె ఒకటిన్నర శృతి, అంటే పాటకి ఆధార స్వరం ఆ ఎత్తులో. అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. మృదంగం దానికే కట్టించుకున్నాను. గెస్ట్ వస్తాడు, సొంత పెట్టె తెచ్చుకుంటాడు, నాలుగులో ఎత్తుకుంటాడు. "కొంచెం పెంచండి" అంటాడు. రాయీ పుడకా పట్టుకుని అంచు చుట్టూ కొట్టి పెంచితే ఎంత పెరుగుతుందండీ? అర స్వరం, మహా అయితే ఒకటి. ఇంకా లాగితే మూత (వాయించే తోలు) పోతుంది. కొత్త మూత వేయించడానికి నాకయ్యే ఖర్చు ఆయన కవర్లో లేదు. చివరికి ఆ రాత్రంతా నేను శృతి కలవకుండానే వాయించాను, వినేవాళ్ళు నన్నే చూశారు.

ఫోన్ చేసినప్పుడు డేటు అడుగుతారు, రేటు అడుగుతారు. శృతి ఎంత అని అడిగిన కమిటీని నేను చూడలేదు.

ఖమ్మం_కుర్రోడు
అన్నా, కీబోర్డు పెట్టుకోండి. ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కితే ఏ శృతి కావాలంటే ఆ శృతి. మా దిక్కు భజనలల్ల ఇప్పుడు అంతా కీబోర్డే.

మృదంగం_మూర్తి
తమ్ముడూ, కీబోర్డుకి బటన్ ఉంది. మృదంగానికి ఎక్కడుందో చెప్పు, నొక్కుతాను.

తాళం_తప్పినవాడు
కరెంటు పోతే కీబోర్డు మౌనవ్రతం. పెట్టె అయితే ఎలక కొట్టినా ఎంతో కొంత మూలుగుతుంది.

ఖమ్మం_కుర్రోడు
బ్యాటరీ ఉంటది బాబాయ్.

విజీనారం_ఫిడేలు
అసలు రోగం గెస్టుల్లో లేదు, హార్మోనియంలో ఉంది. పన్నెండు మెట్లు బిగించేసిన పెట్టె అది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏమీ లేదు. గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకదు, జారు (స్వరం నుంచి స్వరానికి జారడం) పలకదు. ఆకాశవాణి వాళ్ళు 1940లో హార్మోనియాన్ని నిషేధించారంటే ఊరికే కాదు. గెస్టుని పిలవాలంటే ఒక వయొలిన్ విద్వాంసుణ్ణి పిలవండి, అప్పుడు జనానికి చెవి కుదురుతుంది. మా విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పేవారు. ఆ గాలి పీల్చినవాళ్ళం, ఈ పెట్టె మోత మాకు పడదు.

పెట్టె_మాస్టారు
ఫిడేలు గారూ, ఆ నిషేధం తర్వాత ఆకాశవాణి వాళ్ళే సడలించారు, 1970 దశకం మొదట్లో. అది కూడా చెప్పాలి కదా. పైగా పరాయి వాయిద్యమన్న మాట ఎత్తితే మీ ఫిడేలూ ఓడ దిగి వచ్చిందే. దాన్ని మన వాళ్ళు కింద కూర్చుని, తల భాగం పాదం మీద ఆనించి వాయించుకున్నారు. హార్మోనియం అంతే. 1842లో పారిస్‌లో దెబాఁ అనే ఆయన పేటెంట్ తీసుకున్నప్పుడు అది కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కే పెట్టె. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొడుతూ రెండో చేత్తో వాయించేలా మార్చారు. మన నాటకాల వాళ్ళు చాలాకాలం తొక్కుడు పెట్టెనే వదల్లేదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని.

గమకం పలకదన్నది ఒప్పుకుంటాను. కానీ భజనలో గమకం ఎవరు అడిగారు? ముప్పై మంది ఒకేసారి అందుకున్నప్పుడు శృతి నిలబెట్టేది కావాలి. దానికి పెట్టెని మించింది లేదు.

విజీనారం_ఫిడేలు
ముప్పై మంది ఒకేసారి తప్పు స్వరం పట్టుకోవడానికి కూడా దాన్ని మించింది లేదు.

తాళం_తప్పినవాడు
😂 ఇద్దరినీ ఒకే శనివారం పిలవండి రామాలయం గారూ. టికెట్ పెట్టినా కొంటాను.

చిడతల_భారతి
మగవాళ్ళంతా పెట్టె గొప్పా ఫిడేలు గొప్పా అని తేల్చుకున్నాక మా మాట వింటారా?

మా ఊరి భజనలో ఆడవాళ్ళమే ఎక్కువ. మాకు ఐదు, ఐదున్నర అయితే గొంతు హాయిగా ఉంటుంది. వచ్చే గెస్టులు దాదాపు అందరూ మగవాళ్ళు, ఒకటిలోనో రెండులోనో మొదలుపెడతారు. కింద మాకు అందదు, పైన అందుకుంటే అరుపవుతుంది. "అమ్మా మీరు కోరస్ అనండి చాలు" అంటారు. నెలంతా గుడి ఊడ్చి, ముగ్గేసి, ప్రసాదం వండేది మేము, గెస్ట్ రోజున కోరస్ మేము.

మేం గొడవపడి ఒక మార్పు తెచ్చాం. గెస్ట్ సాయంత్రం నాలుగింటికే రావాలి. రెండు గంటలు కూర్చోబెట్టి ఒక్క కీర్తన నేర్పాలి. పండరి భజన గురువైతే ఒక అడుగు నేర్పాలి, కోలాటం వాళ్ళయితే ఒక కోపు. రాత్రి అదే కీర్తన అందరం కలిసి ఆయనతో పాడతాం. ఆ తర్వాత ఆయన ఎంతసేపు పాడుకున్నా మాకు బాధ లేదు, మా వాటా మాకు వచ్చేసింది. గెస్ట్ వెళ్ళిపోయినా ఆ పాట ఊళ్ళో ఉండిపోతుంది. తర్వాత శనివారం జనం ఎందుకొస్తారంటే, నేర్చుకున్నది పాడుకోవడానికి వస్తారు.

రామాలయం_అరుగు
భారతి గారూ, ఇది నాకు తట్టనే లేదు. మిగతా మూడు శనివారాల సంగతి కూడా దీంతో కొంత తేలుతుంది. కానీ నాలుగింటికి రమ్మంటే గెస్టులు ఒప్పుకుంటున్నారా? రేటు పెంచరా?

చిడతల_భారతి
పండరి భజన గురువులు వెంటనే ఒప్పుకుంటారు, నేర్పడమే వాళ్ళ పని. పద్యాల వాళ్ళు కొంచెం బెట్టు చేస్తారు. ఒకాయన "నేను ట్యూషన్ చెప్పడానికి రాలేదమ్మా" అన్నారు. సరేనండి అని ఆయన్ని మళ్ళీ పిలవలేదు.

ఫైఫ్_నుంచి
నేను పాలకొల్లు వాణ్ణి, ఇప్పుడు స్కాట్లాండ్‌లో ఉంటున్నాను. మీ గొడవ చదువుతుంటే నవ్వొస్తోంది, ఇక్కడ మా ఊళ్ళో కూడా అచ్చం ఇలాంటి సంఘం ఉంది. అకార్డియన్ అండ్ ఫిడేల్ క్లబ్ అంటారు. స్కాట్లాండ్‌లో చిన్న చిన్న ఊళ్ళలో ఇలాంటివి చాలా ఉన్నాయి, వీటన్నిటికీ కలిపి ఒక జాతీయ సంఘం, ఒక పత్రిక కూడా ఉన్నాయి. చలికాలం అంతా నెలకోసారి కూడతారు, ఎండాకాలం సెలవు. అకార్డియన్‌కీ హార్మోనియంకీ లోపల ఉండేది ఒకటే సంగతి, గాలి తగిలితే కదిలే ఇత్తడో ఉక్కో రేకు. కాకపోతే వీళ్ళు పెట్టెని మెడకి తగిలించుకుంటారు.

పద్ధతి చెబుతాను, మీకు పనికొస్తుందేమో. తలుపు దగ్గరే ఒకావిడ కూర్చుని ప్రవేశ రుసుము తీసుకుంటుంది, వాయించేవాళ్ళు ఎవరైనా పేరు చెబితే రాసుకుంటుంది. సాయంత్రం మొదలయ్యేది ఊరివాళ్ళతోనే. పదేళ్ళ పిల్లవాడు, ఎనభై ఏళ్ళ ముసలాయన, ఎవరైనా సరే తలా రెండు మూడు వరసలు వాయించి దిగిపోతారు. తప్పులు పోతాయి, ఎవరూ నవ్వరు. ఆ తర్వాతే గెస్ట్ బ్యాండు. మధ్యలో టీ, శాండ్‌విచ్, లక్కీ డ్రా. మళ్ళీ గెస్ట్ బ్యాండు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, గెస్టులు ముందే వచ్చి వెనక కుర్చీల్లో కూర్చుని ఊరివాళ్ళు వాయించేది వింటారు. ఎవరూ చెప్పకుండానే. రేపు ఆ పిల్లవాడే గెస్ట్ అవుతాడని వాళ్ళకి తెలుసు.

ఇక్కడ జిమ్మీ షాండ్ అని ఒకాయన ఉండేవారు, 1908లో పుట్టారు, మేముండే ఈ ఫైఫ్ ప్రాంతం వారే. బొగ్గుగనిలో పని చేసినాయన. బటన్ అకార్డియన్‌తో దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1955లో ఆయన వాయించిన పోల్కా (ఒక రకం నాట్య వరస) ఒకటి బ్రిటన్ పాప్ చార్టుల్లోకి ఎక్కింది. జర్మన్ కంపెనీ హోనర్ ఆయన పేరు మీద ఒక మోడల్ తయారుచేసింది. 1999లో సర్ బిరుదు, మరుసటి ఏడాది పోయారు. ఇప్పటికీ క్లబ్బులో ఎవరైనా ఆయన వరసలు ఎత్తుకుంటే ముసలాళ్ళ కాళ్ళు ఆగవు.

సప్తాహం_సాయి
అంతా బాగుంది గానీ గుళ్ళో లక్కీ డ్రా ఏంటండీ?

తాళం_తప్పినవాడు
మొదటి బహుమతి బెల్లం దిమ్మ. రెండో బహుమతి గెస్ట్ పాట త్వరగా ఆపించే హక్కు.

ఖమ్మం_కుర్రోడు
రెండోదానికి నేను పది టికెట్లు తీసుకుంటా.

ఫైఫ్_నుంచి
@సప్తాహం_సాయి డ్రా వదిలేయండి. పేర్లు రాసుకునే పద్ధతి ఒక్కటి తీసుకోండి చాలు. కాగితం మీద పేరు ఉంటే ఎవరి వంతూ పోదు. అన్నట్టు, గెస్ట్ పేరు చూసి వచ్చేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. పేరున్న బ్యాండు అయితే హాలు నిండుతుంది, లేకపోతే సగం కుర్చీలు ఖాళీ. అది మీ ఒక్క ఊరి జబ్బు కాదు.

కువైట్_కోనసీమ
చందా పంపేవాళ్ళ తరఫున మాట్లాడతాను. మా ఊరి భజనకి నేనూ, మా బ్యాచ్ వాళ్ళూ నెల నెలా డబ్బు పంపుతున్నాం. మేం పంపేది గెస్టుల కోసమే. మంచి ప్రోగ్రాం జరిగింది, ఊరికి పేరొచ్చింది అంటే పంపబుద్ధవుతుంది. మామూలు శనివారం భజనకి డబ్బెందుకు, తాళాలు ఉన్నాయి కదా.

చిడతల_భారతి
తాళాలు వాటంతటవే మోగవు తమ్ముడూ. వేసేవాళ్ళకి టీ కావాలి, కింద పరుచుకునే జంపఖానా కావాలి, పెట్టె రిపేరు కావాలి. ఊరికి పేరు గెస్ట్ తెస్తే మరి గెస్ట్ ఎక్కడ కూర్చోవాలి?

కువైట్_కోనసీమ
అక్కా మీరు అన్నదాంట్లో నిజం ఉంది. నాకు ఇంకో ఫిర్యాదు కూడా ఉంది, ఇక్కడే చెప్పేస్తున్నా. లైవ్ పెడతారు, ఫోన్ మొత్తం గెస్ట్ మొహం మీదే ఉంటుంది. మా నాన్న వెనక స్తంభం పక్కన కూర్చుని తాళం వేస్తారు. రెండు గంటలు చూస్తే ఒక్కసారి మోచెయ్యి కనపడింది.

తాళం_తప్పినవాడు
నాన్నగారిది ఏ మోచెయ్యి? తాళం వేసేదా, వీపు గోక్కునేదా?

కువైట్_కోనసీమ
తాళం వేసేదే. తప్పలేదు కూడా, నీలా కాదు 😄

పెట్టె_మాస్టారు
డబ్బు మాట వచ్చింది కాబట్టి. గెస్ట్‌కి ఎంత ఇవ్వాలన్నది ముందే తేల్చండి, ప్రయాణం ఖర్చు విడిగా ఇవ్వండి. చీటీలతో వచ్చే నోట్లు ఎవరికి చెందుతాయో కూడా ముందే చెప్పండి. నా అనుభవంలో సగం ప్రోగ్రాములు ఆ చీటీల వల్లే సాగుతాయి. ఆ నోట్లు హుండీకి అని మైకులో ప్రకటించి చూడండి, పద్యాలు వాటంతటవే పొట్టివైపోతాయి.

విజీనారం_ఫిడేలు
ఈ ఒక్కదానికి మాస్టారితో ఏకీభవిస్తున్నాను.

తాళం_తప్పినవాడు
స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. ఫ్రేము కట్టిస్తాను.

సప్తాహం_సాయి
పదకొండున్నర దాకా మైకు నడిచిందన్నారు. అది ఇంకా ఎవరూ పట్టించుకోలేదు. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్ కూడదు. పండగ రోజులకి రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ అది కూడా ఏడాదికి 15 రోజులకి మించకూడదు. మీ నెలవారీ ప్రోగ్రాములు దాని కిందికి రావు. గుడి అరుగంటే నాలుగు గోడల హాలు కాదు, మూసిన హాలుకి ఉండే మినహాయింపూ దానికి ఉండదు. మా ఊళ్ళో పరీక్షల రోజుల్లో ఒకాయన పోలీసులకి ఫోన్ చేశాడు. ఎస్సై గారు మర్యాదగానే చెప్పి వెళ్ళారు గానీ మాకు తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి పదికి మైకు కట్టేస్తాం. గెస్ట్‌కి అది చట్టం అని చెబుతాం. కమిటీ మాట వినని వాళ్ళు కూడా దీన్ని వింటున్నారు.

పెట్టె_మాస్టారు
పది దాటాక మైకు లేకుండా పాడమనండి. అది ఇంకా బాగుంటుంది. పాతకాలం నాటకాల వాళ్ళకి మైకెక్కడిది? పై శృతిలో ఎత్తుకుంటే చివరి వరసకి వినపడేది. ఈలపాట రఘురామయ్య గారయితే పద్యం మధ్యలో నోట్లో వేలు పెట్టుకుని ఈలతో రాగం తీసేవారు. ఇప్పటి వాళ్ళు మైకు తీసేస్తే రెండు పద్యాలకి మించి పాడరు, మీ సమస్య తీరిపోతుంది.

ఖమ్మం_కుర్రోడు
మాస్టారూ మీరు గెస్టుల వైపా, కమిటీ వైపా 😅

పెట్టె_మాస్టారు
ఎవరు భోజనం వేళకి పెడితే వాళ్ళ వైపు.

మోడరేటర్
ఊరి పేర్లు, కళాకారుల పేర్లు పెట్టి ఆరోపణలు రాసిన రెండు పోస్టులు తీసేశాను. కీబోర్డు, హార్మోనియం పోటీ గురించి వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్ళండి.

మృదంగం_మూర్తి
మృదంగానికి బటన్ ఎక్కడుందో చెప్పకుండానే చర్చ మార్చేశారు.

రామాలయం_అరుగు
నిన్న కమిటీ కూర్చుంది. మీరు చెప్పినవన్నీ చదివి వినిపించాను. తేలినవి చెబుతాను, అన్నిటికీ అందరూ ఒప్పుకోలేదు.

ఏడు నుంచి ఎనిమిదింబావు దాకా మన వాళ్ళే. పేర్లు ముందురోజే పలక మీద రాస్తాం, తలా ఒక్క పాట. గెస్ట్ హార్మోనిస్టు అయితే మన వాళ్ళకి వాయించాలి, ఇష్టం లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాం. పదికి మైకు బంద్. మంగళహారతి ఊరివాళ్ళదే, ఇది మాత్రం అందరూ ఒకే మాటగా అన్నారు. సాయంత్రం నేర్పించే సంగతి దగ్గర గొడవ అయింది. చేపల చెరువుల వాళ్ళకి ఆ టైముకి మేత పని ఉంటుంది, ఎవరొస్తారని అడిగారు. ఆడవాళ్ళు మేం వస్తాం అన్నారు. చూద్దాం.

చీటీల నోట్లు హుండీకి అంటే మాత్రం ఇద్దరు కమిటీ వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళ బంధువుల్లో పద్యాలు పాడేవాళ్ళు ఉన్నారు.

పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. "నాకేం కోపం లేదురా, గొంతు బాగోలేదు" అన్నారు.

చిడతల_భారతి
ఆ గొంతు బాగోలేకపోవడం మాకు తెలుసు లెండి. అడక్కండి. పలక మీద మొదటి పేరు ఆయనది రాసేయండి, వీధిలో అందరూ చూసేలా.

సప్తాహం_సాయి
ధనుర్మాసంలో ఏం చేస్తారు? నెల రోజులూ తెల్లవారుజాము భజనే కదా, ఆ నెల గెస్ట్ అక్కర్లేదేమో. ఆ డబ్బుతో పెట్టె బాగు చేయించుకోండి.

రామాలయం_అరుగు
మంచి మాట. మా పెట్టెలో రెండు స్వరాలు అసలు పలకవు, ఒకటి పక్కదానితో కలిసి మోగుతుంది. కొత్తది కొనాలా?

పెట్టె_మాస్టారు
కొనకండి. పలకనిదాంట్లో చాలాసార్లు రీడు (స్వరం పలికే రేకు) కింద దుమ్మో పురుగో ఇరుక్కుని ఉంటుంది. మీ వైపు చెరువుల గాలి, తేమ ఎక్కువ, రేకు మీద తుప్పు కూడా పడుతుంది. రిపేరు చేసేవాడు శుభ్రం చేసి పలికిస్తాడు. శృతి దిగితే రీడు కొన దగ్గర సన్నగా గీకుతాడు, పెరిగితే మొదలు దగ్గర గీకుతాడు. మీరు మాత్రం బ్లేడు పట్టుకోకండి, ఎక్కువ గీకితే మళ్ళీ అతికించలేం. రెండు స్వరాలు కలిసి మోగడం మెట్టు కింద తోలు అరిగి గాలి లీకవడం వల్ల అయ్యుంటుంది, దానికి పెద్ద ఖర్చుండదు. రీడే మార్చాల్సి వస్తే గుజరాత్ పాలితానా రీడ్లు అడగండి. ఎలకల కోసం పెట్టెలో కర్పూరం బిళ్ళలు వేయండి.

తాళం_తప్పినవాడు
మా ఊరి ఎలకలు కర్పూరం హారతి అనుకుని దణ్ణం పెట్టి మరీ తిత్తి కొరుకుతాయి.

రామాలయం_అరుగు
ఫిడేలు గారూ, ఒక మాట. కమిటీలో ఇంకో సంగతి కూడా తేలింది. వచ్చే నెల గెస్టుగా మిమ్మల్ని పిలుద్దామనుకుంటున్నాం. తలా ఒక పాట మన వాళ్ళు పాడాక గంటసేపు మీ వయొలిన్. వస్తారా?

విజీనారం_ఫిడేలు
నేను పెద్ద విద్వాంసుణ్ణి కాదు. పైగా హార్మోనియం పక్కన నేను వాయించను.

పెట్టె_మాస్టారు
మీరు వాయించినంతసేపూ పెట్టె మూసి దాని మీద గుడ్డ కప్పుతారు, నేను మాటిస్తున్నాను. నేనూ వస్తాను, కింద కూర్చుని వింటాను. మీరు మాత్రం ఏడింటికే వచ్చి ఊరివాళ్ళ భజన వినాలి.

విజీనారం_ఫిడేలు
వినడానికి అభ్యంతరం లేదు. మీ మృదంగం శృతి ఎంత?

మృదంగం_మూర్తి
హమ్మయ్య! అడిగినవాడు ఒకడు దొరికాడు. రామాలయం గారూ, ఈయన్ని వదలకండి.

రామాలయం_అరుగు
ఒకటిన్నరండి. రైలుకి తాడేపల్లిగూడెంలో దిగండి, బండి పంపిస్తాం.